తలుపు వెనక సామాను

భానుమూర్తికి మూఢనమ్మకాలు లేవు. ఈ సంగతి ఆయన అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు. కాకినాడలో ఏ కాలేజీవాళ్ళు సైన్సు దినోత్సవం చేసినా ముందు ఆయన్నే పిలుస్తారు. పిల్లి ఎదురొస్తే పిల్లికి ఏదో పనుందని అర్థం, తుమ్ము వస్తే ముక్కులో దుమ్ముందని అర్థం అని ఆయన అంటే పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు వింటూ ఇంటికొచ్చి, అత్తయ్య వడ్డించిన అన్నం తిని పడుకుంటాడు. మర్నాడు పొద్దున ఆయన చెప్పులేసుకునే వేళకి ఆ అత్తయ్య నడిమింటి తలుపు వెనక్కి తప్పుకుంటుంది. ఆయన చిన్నప్పటి నుంచీ అంతే.

అత్తయ్య పేరు వరహాలమ్మ. భానుమూర్తి తండ్రికి అక్క. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చింది. తర్వాత భానుమూర్తి తల్లి పురిట్లోనే పోతే పసివాణ్ణి ఒళ్ళో వేసుకుంది. ఒకటో తరగతి నుంచి డాక్టరేటు దాకా ఆయన వెళ్ళిన ప్రతి పరీక్షకీ పెరుగన్నం కలిపి పెట్టింది ఆవిడే. ఆయన గుమ్మం దాటుతుంటే ఎదురుపడకుండా తలుపు చాటున నిలబడిందీ ఆవిడే. భర్త పోయిన మనిషి ఎదురొస్తే వెళ్ళిన పని చెడుతుందని ఆవిడకి ఎవరో చెప్పారు. కాదని ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు.

"నాకు నమ్మకం లేదు. కానీ పెద్దావిడ నమ్మకం మనమెందుకు కాదనాలి?" అంటాడు భానుమూర్తి. చాలా సుఖమైన మాట ఇది. చేతికి మట్టి అంటకుండా, పేరు చెడకుండా జీవితమంతా వాడుకోవచ్చు.

ఇక గోడ సంగతి. సముద్రం వైపున్న ప్రయోగశాలలో భానుమూర్తీ, ఆయన దగ్గర పనిచేసే రెహానా కలిసి దాన్ని తయారు చేశారు. గోడంటే నిజానికి గోడకి అంటించే పలక. దూరం నుంచి చూస్తే గళ్ళ కాగితం అంటించినట్టుంటుంది. ఒక్కో గడీ గోరంత. తన మీద పడ్డ రేడియో తరంగాన్ని ఎటు తిప్పి పంపాలో, ఎంత ఆలస్యంగా పంపాలో ప్రతి గడికీ విడివిడిగా చెప్పొచ్చు. చెప్పింది కనురెప్ప వేసేలోపు మార్చి మళ్ళీ చెప్పొచ్చు.

అది మొదటిసారి సరిగ్గా పనిచేసిన రోజున రెహానా ఒక కుర్చీలో కూర్చుంది. ఆమె వెనకే, అదే వరసలో, భానుమూర్తి ఇంకో కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరి ఫోన్లకీ ఒకే తరంగం మీద రెండు వేరువేరు పాటలు పంపారు. ఒకే దిక్కున ఉన్న ఇద్దరికి అలా పంపితే మామూలుగా రెండూ కలిసి కలగాపులగం అవ్వాలి. అవలేదు. ముందున్న రెహానాకి ఆమె పాటే వినిపించింది. వెనకున్న ఆయనకి ఆయన పాటే వినిపించింది.

"సార్, నా నెత్తి మీంచే వెళ్ళి మీ దగ్గర దిగింది!" అంది రెహానా.

"టవరు దూరంగా ఉంటుంది కాబట్టి దిక్కు చూసి విసురుతుందమ్మా. మన గోడ దగ్గరుంది కాబట్టి చోటు చూసి పోస్తుంది. పంక్తిలో వడ్డించినట్టు. ఎవరి విస్తట్లో వాళ్ళ కూర."

"పక్క విస్తట్లో ఒలక్కూడదు కదా మరి?"

"అందుకే కొన్నిచోట్ల పొడి మచ్చలు పెట్టాలి. అక్కడ ఒక్క చుక్క కూడా పడకూడదు, అక్కణ్ణుంచి గోడ ఏదీ తీసుకోకూడదు. ఇనప సామాను ఉన్నచోట తప్పకుండా పెట్టాలి, లేకపోతే అది ఎగరగొట్టి అందరి మీదా చల్లేస్తుంది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మనుషులు మసిలే ఇంట్లో గోడని కొన్నాళ్ళు నడిపి చూపిస్తేగానీ డబ్బు పెట్టే హైదరాబాదు కంపెనీవాళ్ళు ముందుకు రామన్నారు. మా ఇల్లుందిగా అన్నాడు భానుమూర్తి. జగన్నాథపురంలో పాత ఇల్లు అది. హాలు పెద్దది, వెనక నడిమిల్లు. భార్య హైమ ఇంట్లోంచే దేశదేశాల పిల్లలకి లెక్కలు చెబుతుంది. కూతురు ద్యుతి ఇంటరు చదువుతోంది, సగం క్లాసులు ఫోన్లోనే. వరహాలమ్మకి ఛాతీ మీద ఒక పట్టీ ఉంది. గుండె లయ తప్పితే వెంటనే హైమ ఫోన్ మోగేలా డాక్టరు పెట్టిన పట్టీ. గోడకి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు.

గోడని మొదలెట్టే రోజున ప్రయోగశాల డైరెక్టరు పరాంకుశం గారు కొబ్బరికాయతో సహా దిగారు. భానుమూర్తి నవ్వాడు. నవ్వి, పళ్ళెం తెచ్చిచ్చాడు. పెద్దాయన సరదా మనమెందుకు కాదనాలి.

గోడ ముందుగా ఇంటిని నేర్చుకోవాలి. ఒక గంటసేపు ఇంట్లోవాళ్ళందరూ మామూలుగా తిరుగుతూ ఉంటే అది చూసుకుంటుంది. కదిలేవి మనుషులు, కదలనివి సామాను. వరహాలమ్మ పొద్దున్నే లేచి పులిహోర కలిపింది, సున్నుండలు చుట్టింది. హాల్లో హారతి వెలిగించే అలికిడి వినగానే చేతులు తుడుచుకుని నడిమింటి తలుపు వెనక్కి వెళ్ళి, ఇనప బీరువా పక్కన నిలబడింది. శుభమా అని పని మొదలుపెడుతున్నారు, అయిపోగానే బయల్దేరతారు, ఎందుకొచ్చిన గొడవ. ఆవిడ చీర కొంగు తలుపు చాటుకు వెళ్ళడం హైమ చూసింది. భానుమూర్తి కూడా చూశాడు. రోజూ చూసేదాన్ని ఎంతమాత్రం చూస్తామో అంతమాత్రమే చూశాడు.

గంట గడిచింది. ఒళ్ళో కంప్యూటరు పెట్టుకున్న రెహానా తల ఎత్తింది.

"సార్, నడిమింటి తలుపు వెనక ఏదో ఉందంటోంది. బీరువా కాదు, దాని పక్కన. కదలని వస్తువు, సామానేనా అని అడుగుతోంది."

"బియ్యం డ్రమ్మయ్యుంటుంది. అవునని కొట్టెయ్."

"డ్రమ్ము ఇంత పొడుగుంటుందా సార్?"

"దాని మీద చాపచుట్ట పెట్టుంటారమ్మా. కానియ్, అవతల ముహూర్తం దాటిపోతోందంటున్నారు."

మూఢనమ్మకాలు లేని భానుమూర్తి నోట్లోంచి ముహూర్తం అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆయనే గమనించలేదు. రెహానా అవునని కొట్టింది. గోడ ఆ చోటుని పొడి మచ్చగా రాసుకుంది. పరాంకుశం గారు కొబ్బరికాయ కొట్టారు.

గోడ బ్రహ్మాండంగా పనిచేసింది. హైమ పాఠం చెబుతుంటే పక్కనే ద్యుతి వీడియో చూసుకునేది. ఒకరి అడ్డం ఒకరికి లేదు. వరహాలమ్మ పట్టీ కబుర్లు వంటింట్లోంచీ, పెరట్లోంచీ కూడా గోడ మీదుగా హైమ ఫోన్‌కి ఠంచనుగా వచ్చేవి. "గోడలకి చెవులుంటాయనేవారు. మావాడు నోరు కూడా పెట్టాడమ్మా," అని ఆవిడ పక్కింటివాళ్ళకి చెప్పుకుని మురిసిపోయేది. గోడకి పసుపు బొట్టు పెడతానంటే భానుమూర్తి వద్దన్నాడు. సైన్సుకి బొట్టేమిటి అత్తా అన్నాడు.

కంపెనీవాళ్ళు గోడని చూడటానికి వచ్చారు. భానుమూర్తి వాళ్ళని హాల్లో కుర్చీల్లో ముందూ వెనకా కూర్చోబెట్టి ఎవరి పాట వాళ్ళకి వినిపించాడు. చిన్నపిల్లల్లా సంబరపడ్డారు వాళ్ళు. మిగతా మాటలు ప్రయోగశాలలో మాట్లాడుకుందామని లేచారు. కుర్చీలు జరిగిన చప్పుడు వినగానే వంటింట్లోంచి వరహాలమ్మ గబగబా తలుపు వెనక్కి నడిచింది. భానుమూర్తి వాళ్ళతో పాటు కారెక్కాడు. హైమ చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని హాల్లోనే పాఠం మొదలుపెట్టింది. ద్యుతి కాలేజీకి వెళ్ళింది.

తలుపు వెనక వరహాలమ్మ గుండె లయ తప్పింది. పట్టీ కనిపెట్టింది. కనిపెట్టి కబురు పంపింది. మళ్ళీ పంపింది. ఆపకుండా పంపుతూనే ఉంది. ఆ చోటు నుంచి గోడ ఒక్క కబురూ తీసుకోలేదు. బియ్యం డ్రమ్ముకి చెప్పుకోవడానికేం ఉంటుంది? హైమ ఫోన్ ఎదురుగా టేబులు మీదే ఉంది. పాఠం మధ్యలో ఎక్కడా మాట తెగలేదు, బొమ్మ ఆగలేదు. ఆ రోజు సిగ్నలు ఎంత బాగుందో అని కూడా అనుకుంది.

పాఠం అయ్యాక మంచినీళ్ళకి లేచి నడిమింట్లోకి వెళ్ళబోతే తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. వెనక ఏదో అడ్డుపడింది.

ఆసుపత్రిలో డాక్టరు మర్యాదగానే చెప్పాడు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకి వెళ్ళింది, ప్రాణానికి భయం లేదు, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ మునుపట్లా పనిచెయ్యవు. ఇంకాస్త ముందు తీసుకొచ్చుంటే బాగుండేదన్నాడు. పట్టీ ఉండగా మీకు తెలీలేదా అని కూడా అడిగాడు. హైమ భర్త ముఖంలోకి చూసింది. భానుమూర్తి ఆసుపత్రి గోడకేసి చూశాడు.

మర్నాటికి వరహాలమ్మకి మాట వచ్చింది. కాస్త ముద్దగా వచ్చింది.

"వాళ్ళకి నచ్చిందా నాన్నా, గోడ?"

"నచ్చిందత్తా."

"నేనెక్కడ ఎదురుపడతానోనని... వాళ్ళు లేవగానే తప్పుకున్నాను. జాగర్తగానే ఉన్నాన్రా."

ఆవిడ కుడిచేత్తో ఎడమచెయ్యి తీసి, పక్కింటివాళ్ళ వస్తువు సర్దినట్టు పక్కమీద సర్దుకుంది.

గోడ ఎందుకు పలకలేదో తేల్చాలి. భానుమూర్తి ప్రయోగశాలకి వెళ్ళేసరికి రెహానా అప్పటికే ఇంటి పటం తెర మీద తెరిచి కూర్చుంది. బీరువా, దాని పక్కన పొడి మచ్చ. మచ్చ మీద ఆ రోజు భానుమూర్తి చెప్పగా పడిన మాట, సామాను.

"ఇది బియ్యం డ్రమ్ము కదమ్మా. అత్తయ్య దాని పక్కన నిలబడుంటుంది," అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వాలకం. బియ్యం డ్రమ్ము వంటింట్లో ఉంటుందని ఆయనకి తెలుసు. ఆ మాట అంటున్నప్పుడు కూడా తెలుసు.

రెహానా ఇంకో పటం తెరిచింది. "ఫ్యాను గాలికి కర్టెన్లు ఊగుతాయి, అలాంటి చిన్న కదలికలు లెక్కలోకి రాకూడదని ఒక హద్దు పెట్టమన్నారు గుర్తుందా సార్? హద్దు కింద ఉన్నవి పారేశాం. పారేసినవాటిలో వెతికాను. ఆ మచ్చ దగ్గర ఇది దొరికింది."

సన్నటి గీత. పైకి లేస్తోంది, కిందకి దిగుతోంది. గంటసేపూ అలాగే, నెమ్మదిగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

"ఏమిటిది?"

"ఊపిరి సార్." రెహానా తెర వైపే చూస్తూ అంది. "డ్రమ్ము ఊపిరి తీసుకోదు కదా."

భానుమూర్తికి తల కొట్టేసినట్టయింది. కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఎదుట ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆమెకి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు కూడా.

"ఆంటీ అంతసేపు అక్కడెందుకు నిలబడ్డారు సార్? లోపల కూర్చోవచ్చు కదా?"

చెప్పాలి. ఆయన చెప్పాడు. తల వంచుకుని, ఒక్కో ముక్కా కూడబలుక్కుని చెప్పాడు. కాలేజీల్లో పిల్లి గురించీ తుమ్ము గురించీ గంటలు గంటలు మాట్లాడే మనిషికి ఈ నాలుగు మాటలు చెప్పడానికి చెమటలు పట్టాయి. రెహానా తెర మీది పటం మూసేసింది. ఏదైనా అంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

గోడది తప్పని కాసేపు అనుకుందామని చూశాడు, కుదర్లేదు. అత్తయ్యని సామానన్నది గోడ కాదు. గోడ అడిగింది. సామానేనా అని మర్యాదగా అడిగి, జవాబు కోసం ఆగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగినది ఇన్నేళ్ళలో అదొక్కటే. అవునని చెప్పింది తను. ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగిన తను.

పరాంకుశం గారు వచ్చి సంగతంతా విన్నారు. "అయ్యయ్యో," అన్నారు. నిజంగానే బాధపడ్డారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"కంపెనీవాళ్ళకి చెప్పక తప్పదు, పేషెంటు వ్యవహారం. గుర్తించని వస్తువు వల్ల అంతరాయం కలిగిందని చెప్పండి. సరిచేశామని చెప్పండి. అంతే."

"వస్తువు కాదండీ."

"మరేమని చెబుతారయ్యా? శుభకార్యానికి అడ్డు రాకుండా మా ఇంట్లో ముసలావిణ్ణి తలుపు వెనక నిలబెడతామని చెబుతారా? వాళ్ళు మన గురించి ఏమనుకుంటారు?"

"ఏమనుకోవాలో అదే అనుకుంటారండీ."

పరాంకుశం గారు, "కొబ్బరికాయ మాట మాత్రం ఎత్తకండి," అని లేచి వెళ్ళిపోయారు.

గోడని సరిచెయ్యడం తేలికైంది. అదే భానుమూర్తికి ఎక్కువ సిగ్గు కలిగించింది. రెహానా హద్దుని కిందకి దించింది. కదలకపోయినా ఊపిరుంటే మనిషే అని గోడకి ఒక్క మాట చెప్పింది. ఒక పూట పని. గోడ ఎదురు చెప్పలేదు, మా తాతల నాటి నుంచీ ఇలాగే ఉందనలేదు. ఇంట్లోవాళ్ళందరూ ఎక్కడున్నారో ఆకుపచ్చ చుక్కలుగా ఫోన్లో కనపడే ఏర్పాటు కూడా చేసింది రెహానా. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున వరహాలమ్మ మంచం మీద తన చుక్కని తనే చూసుకుంది.

"ఇది నేనేనా?"

"నువ్వే అత్తా."

"అందరి చుక్కలూ ఒక్కలాగే ఉన్నాయేంట్రా," అని నవ్వింది.

హైదరాబాదు వెళ్ళి కంపెనీవాళ్ళ ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పి రావాలని భానుమూర్తి నిశ్చయించుకున్నాడు. చెబితే గోడని వాళ్ళు తీసుకోవచ్చు, మానొచ్చు. వాళ్ళ ముందు తన ముఖం ఎలా ఉంటుందో తలుచుకుంటేనే ఆయన చెవులు వేడెక్కుతున్నాయి. అయినా బయల్దేరాడు. వరహాలమ్మకి ఆ సంగతులేవీ తెలియవు. వాడేదో మంచి పని మీద వెళుతున్నాడని మాత్రం తెలుసు. ఒంటిచేత్తోనే పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టించింది.

ఆయన చెప్పులేసుకుంటుంటే నడిమింట్లోంచి చప్పుడు వినిపించింది. కర్ర నేల మీద ఆనించి, కాలు ఈడ్చి, మళ్ళీ కర్ర ఆనించే చప్పుడు. తలుపు వైపు వెళుతోంది.

భానుమూర్తి చెప్పులు విడిచి లోపలికి పరుగెత్తాడు. "అత్తా, వద్దు. ఈ రోజు నువ్వు నాకు ఎదురు రావాలి. గుమ్మంలో నిలబడు. నీ ముఖం చూసి వెళతాను."

వరహాలమ్మ బెదిరిపోయింది. "తప్పురా. ప్రయాణం పెట్టుకుని ఏం మాటలవి?"

"నేను నమ్మనత్తా అవన్నీ."

"నువ్వు నమ్మకపోతే ఏంరా, నేను నమ్ముతానుగా. దార్లో నీకేమైనా అయితే? బండికేమైనా అయితే? నువ్వు తిరిగొచ్చేదాకా నేను బతకొద్దూ?" భానుమూర్తి ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిపించబోయాడు. ఆవిడ బలమంతా పెట్టి బీరువాని ఆనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వదలండి," అంది హైమ వెనక నుంచి. "మీ సిగ్గు తీరడానికి ఆవిణ్ణి హడలగొడతారా? ఒక్కనాడైనా కూర్చోబెట్టి చెప్పారా, అది అబద్ధమని? ఊళ్ళో పిల్లలకందరికీ చెప్పారు. నేనూ చెప్పలేదు లెండి. ఇప్పుడు బండి టైముకి గుర్తొచ్చిందా?"

ఆయన చెయ్యి వదిలేశాడు. వరహాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, తలుపు రెక్క తన మీదికి లాక్కుంది. రెక్క వెనక నుంచి ముద్దగా, "క్షేమంగా వెళ్ళి లాభంగా రా నాన్నా," అంది.

భానుమూర్తి బయటికి వచ్చి గేటు దగ్గర ఆగాడు. ఆటో సిద్ధంగా ఉంది. ఫోన్ తీసి చూశాడు. హాల్లో హైమ చుక్క, గదిలో ద్యుతి చుక్క, గేటు దగ్గర తన చుక్క. నడిమింటి తలుపు వెనక, బీరువా పక్కన, ఇంకో ఆకుపచ్చ చుక్క. గోడ ఇప్పుడు పొరపాటు పడటం లేదు. అక్కడున్నది మనిషని స్పష్టంగా చెబుతోంది.

ఆ చుక్క కదలడం లేదు. ఆవిడకి కాలు నొప్పి పుడుతుంది, వెళ్ళి కూర్చుంటే బాగుండును. కూర్చుంటుందేమోనని ఆయన అక్కడే నిలబడి చూశాడు. ఆవిడ కూర్చోలేదు. తను వెళ్ళేదాకా కూర్చోదని కాసేపటికి ఆయనకి అర్థమైంది.

"ఎక్కండి బాబుగారూ, బండి టైమైపోతందండి ఆయ్," అన్నాడు ఆటో అతను.

ఎక్కాడు. ఆటో వీధి మలుపు తిరిగింది. ఫోన్లో తన చుక్క పటం అంచు దాటి మాయమైంది. అప్పుడు తలుపు వెనక చుక్క కదిలి, ఆగి, మళ్ళీ కదిలి, నెమ్మదిగా హాల్లోకి వచ్చింది.